అంగీ ఇచ్చిన అవ్వ

మొన్న మోత్కూర్ అంగట్లో పసరు మందులు అమ్మే ముసలాయన గోనెపట్టా మీద నల్లజీడి గింజలు కుప్పగా పోసుకుని కూర్చున్నాడు. నేను ఒక గింజ చేతిలోకి తీసుకోబోతే, "సారూ, జర పైలం. పాలు అంటితే బొబ్బలొస్తయి" అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఎనిమిదేళ్ల కింద ఇవే గింజలు సూదితో పొడిచి, ఆ నల్లటి పాలతో మా అంగీల కాలర్ల లోపల గుర్తులు పెట్టిన ఒక ముసలమ్మ వేళ్లు ఎప్పుడు చూసినా మచ్చలు మచ్చలుగానే ఉండేవి. ఆమె పోయి మూడు నెలలైంది. కొనవలసిన కూరగాయలు కొనకుండా ఖాళీ సంచితో ఇంటికి వచ్చాను.

నేను పాలమూరులో కాలేజీ చదువుకునే రోజుల్లో, స్టేషన్‌కు పోయే దారిలో ఒక పాత మిద్దె ఇంట్లో ఆరు గదులు విద్యార్థులకు కిరాయికి ఇచ్చేవారు. ఆ ఆరు గదుల బట్టలూ ఆమే ఉతికేది. మంగళవారం మాసినవి పట్టుకుపోయి, శనివారం ఉతికినవి తెచ్చేది. అందరం అవ్వా అని పిలిచేవాళ్లం. పేరేమిటో మాలో ఒక్కడూ అడగలేదు. మేమప్పుడు ఇంగ్లీషు రాజుల పేర్లు వరసగా అప్పజెప్పగలిగేవాళ్లం.

తలుపు కొట్టడం ఆమెకు తెలియదు. మూట అరుగు మీద ధబ్బున పడేసి, నేరుగా గదిలోకి వచ్చి, మేకుకు వేలాడుతున్న అంగీ దించి, కాలరు ముక్కు దగ్గర పెట్టుకునేది. మనిషి ముఖం చూడడం ఆ తరువాతే.

"సిగిరెట్ మొదలువెట్టినవా, పట్వారయ్యా?"

మా నాయిన అచ్చంపేట దారిలో ఒక ఊరికి పట్వారీ, భూముల లెక్కలు రాసే పని. అందుకని నన్ను ఆమె అట్లా పిలిచేది.

"లేదవ్వా. పక్కన ఎవడో తాగిండు."

"పక్కోడు తాగితే భుజం వాసనొస్తది. కాలరు రాదు. నీ అంగీ నాతోని చెప్పింది తియ్యి."

ఆమెకు అన్నీ అంగీలే చెప్పేవి. ఎవడు సినిమాకు పోయి మూడో తరగతి బెంచీ మీద కూర్చున్నాడో, ఎవడు ఇంటి మీద బెంగతో ముక్కు చేతికి తుడుచుకున్నాడో, ఎవడు పరీక్షలో అరచేతి చెమటంతా తొడకు రుద్దాడో, అన్నీ మూట కట్టుకుంటూనే బయటపెట్టేది. ఒకసారి మాలో ఒకడు ఊరికి పోతున్నానని చెప్పి మూడు రోజులు ఇంకెక్కడో తిరిగి వచ్చాడు. వాడి లాగు అంచు ఆమె వేళ్ల మధ్య నలిపి, "మీ ఊర్ల నల్లరేగడి గదా బిడ్డా, గీ ఎర్రమట్టి యాడిది?" అన్నది. వాడు వారం రోజులు ఆమెకు కనబడకుండా తిరిగాడు.

చదువు రాదు. కాని వంద ఇళ్ల గుర్తులు ఆమె తలలో ఉండేవి. నాది మూడు చుక్కలు, కింద ఒక గీత. మూల గదిలో ఉండే క్రైస్తవ మిత్రుడికి శిలువ గుర్తు పెట్టింది. వాడు మురిసిపోయి, "మా దేవుడు నీకు ఎరికేనా అవ్వా?" అని అడిగితే, "నాకేం ఎరుక బిడ్డా, ఆ గుర్తు పెట్టుడు సులువున్నది" అన్నది. గుర్తు పెట్టగానే దాని మీద తడి సున్నం రుద్దేది. ఇక బట్ట చినిగిపోవాలే గాని ఆ గుర్తు పోదు.

నా పక్క గదిలో ఒకతను ఉండేవాడు. అచ్చంపేట దాటి, అడవి అంచున, గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చాడు. ఆ ఇంట్లో బడి మొఖం చూసిన మొదటివాడు. పొడుగ్గా, సన్నగా, గాలికి వంగేటట్టు ఉండేవాడు కాబట్టి అవ్వ అతన్ని సన్నోడు అనేది. మేమూ అదే పట్టుకున్నాం. ఎండాకాలంలో కూడా గొంగడి కప్పుకునే పడుకునేవాడు. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అతనికి ఉన్నవి రెండే అంగీలు, రెండూ పొట్టి చేతులవి.

"నాకు గొర్రె బొమ్మ వెయ్యి అవ్వా" అని అడిగాడు ఒకసారి.

"గొర్రెకు నాలుగు కాళ్లు. నీకు రెండంగీలు. గంత జీడిపాలు దండుగ" అని ఒక చిన్న సున్న చుట్టి వదిలేసింది.

మధ్యాహ్నం ఆమె అరుగు మీద కూర్చుని మూటలోంచి జొన్నరొట్టె తీసి తినేది. సన్నోడు వెళ్లి పక్కన కూర్చుని సగం తుంచుకునేవాడు. ఆమె తిట్టేది, తిడుతూనే ఉల్లిగడ్డ పగలగొట్టి పెట్టేది. నాకు ఎప్పుడూ పెట్టలేదు. పట్వారీ కొడుకు తినడని ఆమెకు తెలుసు. నేనూ అడగలేదు. ఈ వయసుకు తెలుస్తున్నది, ఆ రొట్టె ఒక్కసారన్నా అడిగి తినవలసింది.

ఇక అంగీల సంగతి. ఉతికిన బట్టలు ఆమె ఒక్క పొద్దుకు ఇంకొకరికి తొడుక్కోను ఇవ్వడం ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే, పైకి ఎవరూ ఒప్పుకోనిదే. పెళ్లిచూపులకు పోయేవాడు, కచేరీలో దరఖాస్తు పెట్టుకోను పోయేవాడు ముందు ఆమె గుడిసె దగ్గరికి పోయేవాడు. ఆమె మనిషిని ఎగాదిగా చూసి, కొలత సరిపోయే బట్ట ఎవరి మూటలో ఉందో చూసి ఇచ్చేది. కింద కూర్చోవద్దు, చంకలు లేపవద్దు, చెమట పట్టేదాకా నడవద్దు. ఈ మూడు ఆజ్ఞలు. ఒకసారి పోస్టాఫీసు ముందు నా తెల్లపంట్లాం నాకంటే పది అడుగుల ముందు నడిచిపోవడం నేను కళ్లారా చూశాను. శనివారం అది మడత నలగకుండా నా చేతికి వచ్చింది. నేను ఆమెను చూశాను, ఆమె నన్ను చూసింది. "గంజి మంచిగ పట్టింది గదా" అన్నది. ఏం చెప్పను, నవ్వాను.

ఆ చలికాలం, కందులు కోసే రోజుల్లో ఒక శనివారం, అన్ని బట్టలూ తెచ్చి నా తెల్లంగీ ఒక్కటి తేలేదు. హైదరాబాదులో మా నాయిన కుట్టించిన నిండుచేతుల పాప్లిన్ అంగీ అది. "గంజి పట్టలే. మంగళారం తెస్త" అన్నది. నేను నమ్మలేదు, అడగనూ లేదు.

సోమవారం పొద్దున రైలు పట్టాలు చూసుకుంటూ పోయే గ్యాంగు మనిషికి కట్ట కింద కందిచేనులో ఒక శవం కనిపించింది. బండతో కొట్టడంవల్ల ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. పోలీసులు అంగీ కాలరు తిప్పి గుర్తు చూశారు. చాకిరేవు దగ్గర అడిగితే, ఆ వేళకు అవ్వ అక్కడ లేదు. ఆమె కోడలు చూసి, "మూడు చుక్కలు, గీత. పట్వారయ్య కొడుకుది" అని చెప్పేసింది.

కాబట్టి నేను చచ్చిపోయానని చెప్పడానికి పోలీసు జవాను మా గదికి వచ్చాడు. తలుపు తీసింది నేనే. పేరు అడిగాడు, చెప్పాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. తరువాత నా రెక్క పట్టుకున్నాడు.

ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఠాణాకు పెద్ద అయిన అమీన్ సాబు ఒకటే మాట పదిసార్లు అడిగాడు. నీ అంగీ ఆ మనిషి ఒంటి మీదికి ఎట్లా వచ్చింది? మనిషి ఎవరు? నాకు తెలియదంటే గట్టిగా నవ్వాడు. రాత్రి ఇక్కడే ఉంటే తెలుస్తుందిలే అన్నాడు. అప్పటికే అచ్చంపేట బస్సు డ్రైవరుతో మా ఊరికి కబురు పంపారు, నేను పోయానని.

మధ్యాహ్నానికి అవ్వ వచ్చింది. ఎవరూ పిలవలేదు, తనంతట తనే వచ్చింది. కోడలు చెప్పిన మాట చెవిన పడగానే రేవు దగ్గర నుంచి తడి చీరతోనే నడిచి వచ్చిందట. మూట గుమ్మం బయట దించి, లోపలికి వచ్చి నిలబడింది.

"ఆ పిలగాన్ని ఇడువుండ్రి సాబ్. ఆ అంగీ నేనిచ్చిన."

"ఎవరికిచ్చినవ్?"

"సన్నోనికి. పక్క అర్రల ఉంటడు, గొర్లోళ్ల బిడ్డ."

అంతదాకా కందిచేనులో పడి ఉన్నవాడికి పేరు లేదు. సన్నోడు శనివారం సాయంత్రం నుంచి గదిలో లేడు. ఊరికి పోయాడనుకున్నాం మేమందరం. ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చాక నాకు తెలిసింది, చనిపోయింది ఎవరో. నన్ను విడిపించే మాటే నా మిత్రుణ్ణి చంపిన మాట కూడా అయింది. ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియక గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఎందుకిచ్చినవ్?" అన్నాడు అమీన్.

"ఒక్క పొద్దుకు అడిగిండు. ఐతారం ఒక తావుకు పోవాలె అవ్వా, మంచిగ కనవడాలె అన్నడు."

"ఆదివారం పూట ఎక్కడికి?"

అన్నీ కూపీ లాగే మనిషి, కాలరు వాసన చూసి వారం సంగతులు చెప్పే మనిషి, ఆ ఒక్కటి అడగలేదు.

"అడగలే సాబ్. మల్ల అంగీ వస్తది గదా, అంగీనే చెప్తదనుకున్న."

అని, ఆ అంగీ ఒకసారి చూపించమని బతిమాలింది. అమీన్ విసుక్కుంటూనే తెప్పించాడు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు. నెత్తుటి మరకలు దాటుకుంటూ, అలవాటు ప్రకారం కాలరు వాసన చూసింది. గుండీలు లెక్కపెట్టింది. కుడిచేతి మణికట్టు పట్టీ దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక పచ్చటి మరక ఉన్నది. సబ్బు కావాలన్నది. జవాను ఏమనుకున్నాడో, చేతులు కడుక్కునే సబ్బు ముక్క తెచ్చి ఇచ్చాడు. వేలు తడిపి, సబ్బు రాసి, ఆ మరక మీద రుద్దింది. మరక ఎర్రబడింది.

"పసుపు సాబ్. కూరది. నూనె గూడ ఉన్నది. వీడు పొట్టి చేతులంగీల పిలగాడు. నిండుచేతులు మడుచుకునుడు ఎరుగడు. గట్లనే తిన్నడు. ఎవరింట్లనో కూసోబెట్టి కూర ఏసి పెట్టిండ్రు. ఎవరింట్ల తిన్నడో జర అరుసుకోండ్రి."

"తిన్నడా లేదా అని రాసుకోను కూసున్ననా?" అన్నాడు అమీన్. పక్కన పంచనామా రాసే జవాను కలం ఎత్తనే లేదు. పంచనామాలో ఆ మరక లేదు.

ఇది జరుగుతుండగానే మా నాయిన వచ్చాడు. కొడుకు శవం కోసం వచ్చిన మనిషి. బల్ల పక్కన నిలబడ్డ నన్ను చూసి అక్కడే గడప మీద కూలబడ్డాడు. తలపాగా జారి కింద పడింది. అంత పెద్దమనిషి నలుగురిలో బోరున ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇక తియ్యలేదు.

అమీన్ ఆయన్ను అడిగాడు: "మీకు గాని, మీ కొడుక్కు గాని పగోళ్లు ఎవరన్న ఉన్నరా? అంగీ చూసి మనిషిని పొరపాటు పడ్డరేమో?"

ఆ ప్రశ్నకు జవాబు నా పెట్టెలో ఉన్నది. అంతకు నాలుగు రోజుల ముందు మా నాయిన చీటీ రాసి పంపాడు. ఆదివారం ఊరికి రావద్దు, రైలు కట్ట వైపు షికారు మానుకో, గది దాటకు, ఆ అన్నదమ్ములు ఇద్దరూ పాలమూరులో తిరుగుతున్నారట అని. ఆ అన్నదమ్ములు మా ఊరి కౌలుదార్లు. భూమి లెక్క రాసే పహాణీలో వాళ్ల పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసింది మా నాయినే. పది ఎకరాల మీద వాళ్ల తాత నాటి నుంచి ఉన్న హక్కు ఒక్క గీతతో పోయింది. నీ ఇంటి దీపం ఆర్పుతామని వాళ్లు కచేరీ ముందే అన్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం తెల్లంగీ తొడుక్కుని రైలు కట్ట మీద షికారు పోయే అలవాటు నాది. ఆ ఆదివారం చీటీకి భయపడి గదిలో కూర్చున్నాను. ఆ దారిన నా అంగీ తొడుక్కుని సన్నోడు పోయాడు.

"పగోళ్లా? మాకెవ్వరూ లేరు సాబ్" అన్నాడు మా నాయిన. నా భుజం మీది వేళ్లు బిగుసుకున్నాయి.

అమీన్ నా వైపు చూశాడు.

"లేరు" అన్నాను.

చెబితే పహాణీ బయటికి వస్తుంది, మా నాయిన ఉద్యోగం పోతుంది, జైలుకు కూడా పోవచ్చు. ఇదంతా ఒక్క క్షణంలో నాకు అర్థమైంది. అంత తెలివి లెక్కల పరీక్షలో ఎప్పుడూ రాలేదు. అవ్వ కింద కూర్చుని, చేతిలో సబ్బు ముక్కతో మా ఇద్దరినీ చూస్తూ ఉన్నది.

మర్నాడు సన్నోడి తల్లి వచ్చింది. దవాఖాన వెనక, చింతచెట్టు కింద, భర్త గొంగడి కప్పుకుని కూర్చున్నది. పోలీసులను ఆమె ఏమీ అడగలేదు. అవ్వను పట్టుకుని అడిగింది: "అక్కా, ఆకలితోని పోయిండా నా కొడుకు?"

"లేదు చెల్లె" అన్నది అవ్వ. "కడుపునిండ తిన్నడు. నేను నా కండ్లతోని చూసిన, అంగీ మీద ఉన్నది. కూర ఏసుకోని తిన్నడు."

ఆ తల్లి అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాట విని ఏడ్చింది. తరువాత ఇంకొకటి అడిగింది, మమ్మల్నందరినీ చూస్తూ: "ఎవరికేం చేసిండమ్మా వాడు?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కేసు తేలలేదు. అమీన్ బదిలీ అయ్యాడు. కాలేజీలో నాలుగు రోజులు నాలుగు కథలు చెప్పుకున్నారు. చివరికి మిగిలింది ఒకటే కథ: తెల్లంగీ అరువు తెచ్చుకుని మరీ పోయాడంటే ఆడమనిషి వ్యవహారమే అయి ఉంటుందని. ఆ కథ అచ్చంపేట బస్సెక్కి వాళ్ల ఊరికి కూడా పోయింది. బిడ్డను కాలేజీకి పంపితే ఇట్లా అయిందని ఆ చుట్టుపక్కల మూడూళ్లలో పిల్లల చదువు మాన్పించారని విన్నాను. వాడి చెల్లెలికి సంబంధాలు రాలేదని కూడా విన్నాను.

ఇక అవ్వకు జరిగింది చెప్పాలి. బట్టలు ఊళ్లోవాళ్లకు తొడుగుతుందని ఠాణాలో తన నోటితోనే ఒప్పుకున్నది కదా. అదివరకు తెలియనట్టు అందరూ ఆశ్చర్యపోయారు. వకీలు ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ మానిపించారు. మా నాయిన కూడా, "మన బట్టలు వాడూ వీడూ కట్టుకుంటే మర్యాదేముంది" అన్నాడు. ఆమె ఆ మాట ఠాణాలో చెప్పి ఉండకపోతే ఆయన కొడుకు ఎక్కడ ఉండేవాడో ఆయనకు గుర్తు రాలేదు. నాకు వచ్చింది. అయినా నేను కూడా బట్టలు ఇంకొకరికి వేశాను. మంగళవారం ఆమె అలవాటుగా గదిలోకి వచ్చింది. మేకు ఖాళీగా ఉన్నది. ఆ మేకును చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

తరువాత ఆమెకు దవాఖాన దుప్పట్లు ఉతికే పని దొరికింది. రోగుల బట్టలు కాబట్టి ఎవరూ పోటీ రాలేదు. నేను చదువు ముగించి, ఇటు నల్లగొండ వైపు వచ్చి, మోత్కూర్‌లో పంతులునయ్యాను. సెలవులకు ఊరికి పోతూ పాలమూరులో బస్సు మారినప్పుడల్లా దవాఖాన వెనక్కి పోయి ఆమెను చూసేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణో నాకే తెలియదు. తీగల మీద తెల్ల దుప్పట్లు ఆరేసి ఉండేవి. వాటి మధ్య నుంచి వంగి వచ్చి, ముందు నా కాలరు పట్టుకునేది.

"మాస్టరయినవు గని, గీ అంగీ ఎవడు ఉతుకుతుండు? నీలిమందు ముద్దలు ముద్దలుగ ఉన్నది. మనుషులేనా?"

తరువాత రెండు ప్రశ్నలు. ఏటేటా అవే రెండు, అదే వరస.

"ఎవరింట్ల తిన్నడో, ఏమన్న తెలిసిందా?"

"లేదవ్వా."

"నీకు పగోళ్లయితే లేరు గదా బిడ్డా?"

"లేరవ్వా."

"గట్లయితే మంచిదే. నా అంగీ సంపలే వాన్ని" అనేది. ఆ పూట కడుపునిండా తిన్నట్టు ముఖం తేటపడేది.

ఆ ముఖం చూసి నేను నాకు సర్ది చెప్పుకునేవాణ్ణి. చూడు, నీ అబద్ధం ఒక ముసలామెను బతికిస్తున్నది కదా అని. పిరికితనానికి అంత మంచి అంగీ ఇంకొకటి దొరకదు. ఏడేళ్లు తొడుక్కుని తిరిగాను. అట్లని ఆమెను చూడకుండానూ ఉండలేకపోయాను. ఆ రెండు ప్రశ్నలు అడిగే మనిషి లోకంలో ఇంకొకరు లేరు. అందరూ సన్నోణ్ణి మరిచిపోయారు. మేమిద్దరమే ఆ దుప్పట్ల మధ్య నిలబడి వాడి గురించి మాట్లాడుకునేవాళ్లం. వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం ఆమె చేసి చూపేది. ఇప్పుడు ఎవరు చూపిస్తారు?

పోయిన సెలవుల్లో వెళ్లేసరికి ఆమె దుప్పట్ల దగ్గర లేదు. తను ఉతికిన దుప్పటి మీదనే, ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నది. మనిషి పిడికెడంత అయింది. కోడలు పక్కన కూర్చుని గంజి తాగిస్తున్నది. నన్ను చూసి చెయ్యి చాపింది. నేను వంగి కాలరు అందించాను. వాసన చూడడానికి ఊపిరి చాలలేదు.

"తెలిసిందా?"

"లేదవ్వా."

"పగోళ్లు?"

లేరని చెప్పి ఉండవలసింది. ఇంకెంత కాలం ఉంటుంది ఆమె? కాని నాకు భయం వేసింది. ఆమె పోతే ఇక నన్ను ఈ మాట అడిగేవాళ్లు ఉండరు. అడిగేవాళ్లు లేకపోతే నేను చెప్పడం అనేది ఉండదు. ఆ భయంతో, నా కోసం నేను, చెప్పేశాను. చీటీ, పహాణీ, అన్నదమ్ములు, ఆదివారం షికారు, మా నాయిన చెయ్యి, నా నోటి మాట. కోడలు చేతిలో చెంచా ఆగిపోయింది.

"వాళ్లే చేసిండ్రని నాకు తెల్వదవ్వా. చెయ్యలేదని గూడ తెల్వదు" అన్నాను.

అవ్వ ఆ చెంచా పక్కకు నెట్టింది. కళ్లలో నీళ్లు లేవు.

"గిన్నేండ్లు లేరంటివి గదా" అన్నది మెల్లగా.

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. వద్దన్నట్టు కాలు లాక్కున్నది.

"నా ఫికర్ ఇడువు. అంగీ ఇచ్చిన, తప్పు చేసిన. ఆ పొద్దే ఒప్పుకున్న. నాదైపోయింది." ఆగి, ఊపిరి తీసుకుని, "ఆ తల్లి ఉన్నది. కొడుకు ఏదో పాడుపని చేసి సచ్చిండని ఊరంత అంటున్నరు. గా మాట ఇనుకుంట గొర్లు కాస్తుంది. పోయి చెప్పు. నీ కొడుకు ఎవరికేం చెయ్యలేదమ్మా, నా మీది పగకు పోయిండేమోనని చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"చెప్తనవ్వా."

"ఎప్పుడు?"

"ఈ సెలవులల్లనే."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు. కోడలి వైపు తిరిగి, "మాస్టరుకు బస్సు ఉంటది, పోనియ్యి" అన్నది. ఆమె నోట నేను విన్న చివరి మాట అది, అదీ నాతో కాదు, కోడలితో అన్నది.

నెలలోపే పోయిందని కోడలు ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది. ఆమె పేరు నాకు ఆ కార్డులోనే మొదటిసారి తెలిసింది. ఇక్కడ రాయను. బతికి ఉండగా అడగనివాడికి ఇప్పుడు రాసే హక్కు లేదు.

ఆ సెలవులు అయిపోయాయి. నేను అచ్చంపేట పోయే బస్సు ఎక్కాను, అబద్ధం చెప్పను, ఒకసారి ఎక్కాను. మా ఊరి దగ్గర దిగిపోయాను. మా నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, పెద్దవాడైపోయాడు, నన్ను చూసి సంతోషించాడు. నాలుగు రోజులు ఉండి ఆయన చేతి నొప్పికి మందు పనిచేస్తున్నదో లేదో చూసి వచ్చేశాను. సన్నోడి ఊరు అక్కడి నుంచి ఇంకొక రెండు గంటల దారి.

దసరా సెలవులకు ఇంకా పదిహేను రోజులున్నాయి. ఇదంతా రాసి పెట్టుకున్నాను గాని ఆ తల్లికి చదువు రాదు, ఎవరితోనో చదివించుకునే మాట కాదిది. ఆమె చింతచెట్టు కింద కూర్చుని మా అందరి ముఖాలూ చూస్తూ, వాడు ఎవరికేం చేసిండని అడిగింది. నా ముఖం వైపు కూడా చూసింది.